కట్టినోడే ఇప్పాలి

నేను డైరీ రాసుకునేది ఏళ్ళు గడిచిపోయిన డైరీల్లో. నాన్న ఉక్కు ప్లాంటులో పనిచేసినన్నాళ్ళూ జనవరి రాగానే ఒక లావుపాటి డైరీ ఇంటికొచ్చేది. మొదటి పేజీలో తన ఉద్యోగపు టోకెన్ నంబరు రాసుకుని దాన్ని బీరువా మీద పెట్టేసేవాడు. మళ్ళీ తెరిచేవాడు కాదు. రిటైరయ్యేసరికి అక్కడ ఒక దొంతర తయారైంది. ఇప్పుడు ఒక్కొక్కటే దించి, అచ్చులో ఉన్న తేదీ కొట్టేసి, పక్కన ఇవాళ్టి తేదీ వేసి రాస్తున్నాను. రాయడం అయ్యాక మళ్ళీ అక్కడే పెడతాను. అవి నాన్న పాత డైరీలే అనుకుని అమ్మ వాటి దుమ్ము దులుపుతూ ఉంటుంది. దాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు మా క్వార్టర్లో లేదు.

తెలుగు అక్షరాలు నాకు అమ్మే నేర్పింది, పంచాంగం ముందేసుకుని. ఇది హిందీ రాష్ట్రం, స్కూల్లో అంతా హిందీ. అందుకని చాన్నాళ్ళు తెలుగు అక్షరాల నెత్తిమీద కూడా హిందీకి గీసినట్టు గీత గీసేదాన్ని. "అక్షరాలకి దండెం కట్టీసినావేటే, ఆరెయ్యడానికి?" అని అమ్మ నవ్వేది. ఆ దండెం మీద ఆరేసుకుంటూనే ఇంతదాన్నయ్యాను. నోటితో చెప్పలేనివన్నీ అందులోనే ఉన్నాయి.

ఈ ఆలోచన కూడా ముందు అందులోనే రాశాను. మేముండే సెక్టర్ 4లో పక్క వరస వాళ్ళు రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి విజయనగరం వెళ్ళిపోయారు. లారీలో పట్టనివన్నీ సందులో మిగిలాయి. ఇనుప మంచం, అడుగు తుప్పుపట్టిన కూలరు, దాని ఇనుప స్టాండు, పిడి ఊడిన పెనం, ముల్లు ఆగిన గడియారం. సాయంత్రానికి పాత ఇనుము కొనే కబాడీ బండి వచ్చి అన్నీ ఎత్తుకుపోయింది. ఆ వారంలోనే వెనక సందులోకి కొత్తగా దిగిన ఒకామె మా గుమ్మం దగ్గర ఆగి, కూలరు పెట్టుకునే స్టాండు ఎక్కడైనా పాతది దొరుకుతుందా అని అమ్మని అడిగింది. ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: ఒకరు పారేసింది ఇంకొకరు వెతుక్కుంటున్నారు. మధ్యలో ఉన్నది రెండు సందులే.

తర్వాత నాలుగు పేజీలు రాశాను. మా తెలుగు సంఘం హాలు వెనక ఒక గది ఉంది. కాళ్ళు విరిగిన కుర్చీలు, పెళ్ళి పందిరి గుంజలు తప్ప అందులో ఏమీ లేవు. దాన్ని ఖాళీ చేసి, ఆదివారం ఆదివారం తెరిచి, అక్కర్లేని వస్తువులు అక్కడ పెడితే? రిటైరైన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు ఈ టౌన్‌షిప్‌లో వీధికి నలుగురున్నారు. చేతులు ఊరుకోక ఇంట్లో బాగున్న ఫ్యానునే విప్పి, మళ్ళీ బిగించి, భార్యల చేత తిట్లు తింటున్నారు. వాళ్ళు బాగుచేస్తారు, కావలసినవాళ్ళు పట్టుకెళ్తారు. అంతే నా ప్లాను.

ఆ పేజీలు కాగితాల మీద ఎత్తిరాసి నాన్నకి ఇచ్చాను. మూడోరోజు టిఫిను తింటూంటే కాగితాలు తిరిగొచ్చాయి. వాటి వెనకాల పెన్సిల్‌తో గది బొమ్మ గీసి ఉంది. బెంచీ ఎంత ఎత్తు, స్విచ్ బోర్డు ఎటు, వెలుతురు ఏ కిటికీ నుంచి వస్తుంది, అన్నీ.

"అంతా బాగానే రాసినావు గానీ, ఇసక బకెట్టు రాయలేదేటి?" అన్నాడు. "నిప్పంటుకుంటే?"

అప్పటికే నాకు చెప్పకుండా ఆ కాగితాలు సంఘం కార్యదర్శి బాబాయికి చూపించేశాడని తర్వాత తెలిసింది.

నాన్న సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయన పని మిల్లులో, క్రేను కింద. పైన క్రేను నడిపేవాడికి కింద నిలబడి చేతితో సైగలు చెయ్యాలి. ఆ మోతలో మాట వినబడదు. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. వేలు కిందికి పెట్టి తిప్పితే దించమని. అరచెయ్యి నేలవైపు చాపితే ఆపమని. ఆ మోత ఆయన చెవుల్ని సగం తినేసింది. సైగలు మాత్రం ఇంటిదాకా వచ్చాయి. అన్నం వడ్డిస్తుంటే అమ్మకి అరచెయ్యి చాపుతాడు. సీరియల్ మోత ఎక్కువైతే వేలు కిందికి తిప్పుతాడు. చెవికి మిషను పెట్టుకోమంటే, "ఇన్నాళ్ళూ ఇన్నది చాల్లే" అంటాడు. మీటింగుల్లో అందరూ తలూపినప్పుడు తనూ ఊపుతాడు.

హాల్లో మీటింగు పెట్టారు. కార్యదర్శి బాబాయి ఇక్కడే పుట్టినవాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవాలంటే తడుముకుంటాడు. అందుకని నన్నే చదవమన్నాడు. ముప్పైమంది దాకా ఉన్నారు. నేను కాగితం చూస్తూ కాగితానికే చదివాను.

"బేటా, థోడా జోర్ సే" అన్నాడు బాబాయి, కొంచెం గట్టిగా చదవమని.

"దీని నోట్లోంచి మాట రావాలంటే పటకారెట్టి లాగాల" అంది మా పై క్వార్టరు అత్త.

అందరూ నవ్వారు. దాంతో నా గొంతు ఇంకా లోపలికి పోయింది. అసలైన పేరా, నాన్న కాగితాలు తిరిగిచ్చాక నేను కొత్తగా చేర్చింది, అప్పుడే వచ్చింది. వచ్చిన ప్రతి వస్తువుకీ ఒక రంగు చీటీ కట్టాలి. పచ్చది కడితే బాగుంది, తీసుకెళ్ళొచ్చు. పసుపుది కడితే బాగుచెయ్యాలి. ఎర్రది కడితే ఇక పనికిరాదు, కబాడీకి వెయ్యాలి. ఇదంతా నేను గబగబా, నా ముక్కుకి మాత్రమే వినబడేలా చదివేశాను. ముందు వరసలో వాళ్ళు తలూపారు. వెనక వరసలో నాన్న కూడా ఊపాడు.

సంఘం అధ్యక్షుడుగారు అన్ని పక్షాలూ ఆలోచించే మనిషి. రెండు ఆదివారాలు పెట్టి చూడండి, సజావుగా జరిగితే గది తాళం ఇస్తాం, అన్నారు. పేరేమిటని అడిగితే ఎవరో బాగు గది అన్నారు. అదే నిలిచింది. మర్నాడు హాలు వాచ్‌మన్, "దీదీ, అందర్ బాఘ్ హై క్యా?" అని గదిలోకి తొంగి చూశాడు, లోపల పులి ఉందేమోనని.

మొదటి ఆదివారం నేను అనుకున్నదానికంటే బాగా జరిగింది. వేసవి దగ్గరపడి అందరూ కూలర్లు దించే రోజులు. అయిదు కూలర్లు వచ్చాయి, మూడింటి మోటార్లు మధ్యాహ్నానికి తిరిగాయి. కూలరు స్టాండు అడిగినామె స్టాండు మోసుకెళ్ళింది. నేను బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాశాను. నేను పనిచేసే స్కూలు ఆఫీసులో మిగిలిన రంగు అట్టల్ని కత్తిరించి, చిల్లు పెట్టి, చెప్పుల డబ్బాలో పోసి పక్కన సుతిలి తాడు ఉండ పెట్టాను. పసుపువాటి మీద జబ్బేమిటో రాసేదాన్ని. ఎర్రవాటి మీద వరస నంబరు మాత్రం వేసేదాన్ని, ఒకటి, రెండు, మూడు అని. పోయేదానికి పెద్ద రాత ఎందుకని.

నాలుగు గంటలప్పుడు పై క్వార్టరు అత్త వచ్చింది. చంకలో పసిపిల్లని పెట్టుకున్నట్టు కుట్టుమిషను తల పెట్టుకుని వచ్చింది. ఆమె మా సెక్టరులో సగంమందికి జాకెట్లు కుడుతుంది. మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపువాళ్ళు. నేను పుట్టకముందు నుంచి మా పైనే ఉన్నారు కాబట్టి అత్త.

"కింద దారం పట్టట్లేదు. కుట్టు తప్పిపోతన్నాది" అని మిషను నా బల్ల మీద పెట్టింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఒలే కోడలా, మీ నాన్నని చూసి కాదు, నిన్ను చూసి ఇస్తన్నాను. శుక్రవారానికి పెళ్ళివారి జాకెట్లు ఇయ్యాల. మొండెం నా ఇంట్లో ఉన్నాది, తలకాయ నీ కాడ ఎడతన్నాను. నువ్వే నాకు జవాబు."

"సరే అత్తా."

"ఏటీ? ఇనబడలేదు."

"సరే అత్తా!"

ఆమె వెళ్ళాక నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మిషను బోర్లించి చాలాసేపు చూశాడు. కింద దారం పట్టే షటిల్ అరిగిపోయిందన్నాడు. కొత్తది దుర్గ్ బజారులో తప్ప దొరకదు, రేపు వెళ్ళి తేవాలి. పొద్దు వాలింది. అమ్మ ఇంట్లో ఒక్కతే ఉందని నేను ముందు వెళ్ళిపోయాను. గది సర్ది తాళం వేసి వస్తానని నాన్న ఉండిపోయాడు.

సోమవారం పొద్దున్నే కబాడీ బండి వస్తుందని బాబాయి చెప్పాడు. స్కూలుకి వెళ్ళే దారిలో వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తీసుకుని నేనే గది తెరిచాను. బండివాడు గుమ్మంలో నిలబడి ఏవేవి అని అడిగాడు. కొత్త మనిషి. నేను గోడవైపు చెయ్యి చూపించి మూడు మాటలే అన్నాను.

"లాల్ వాలా సబ్."

ఎర్రవన్నీ. వాడు ఎత్తడం మొదలుపెట్టాడు. మూలన బెంచీ మీద గోనెసంచిలో చుట్టినదేదో ఉంది. సుతిలితో ముడేసి, ఎర్ర చీటీ వేలాడుతోంది. కూలరు మోటారేమో అనుకున్నాను. బరువుగా ఉందని వాడు ఇబ్బంది పడుతుంటే రెండో కొస నేనే పట్టుకున్నాను. నేనే బండిలో పెట్టించాను.

మూడింటికి స్కూలు నుంచి సరాసరి బాగు గదికే వచ్చాను. నాన్న బెంచీ ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో చిన్న కాగితం పొట్లం, అందులో కొత్త షటిల్. బెంచీ కిందికి చూస్తున్నాడు, తలుపు వెనక చూస్తున్నాడు.

"మిషను తల ఎక్కడ పెట్టినావమ్మా?"

"నేను తియ్యలేదు నాన్నా. నువ్వెక్కడ పెట్టావు?"

"ఇక్కడే. దుమ్ము పడుతుందని గోనె చుట్టి, ట్యాగు కట్టినాను గదా."

"ఏం ట్యాగు?"

"ఎర్రది." ఆయన మొహంలో నా ప్రశ్నే అర్థం కానట్టుంది. "పని మధ్యలో ఉన్నాది. ఎర్ర ట్యాగు కట్టకుండా ఎలాగ ఎల్లిపోతారు?"

ప్లాంటులో పద్ధతి అది. మిషను విప్పి పని చేస్తున్నప్పుడు దాని స్విచ్చుకి తమ టోకెన్ నంబరు వేసిన ఎర్ర ట్యాగు కడతారు. మనిషి పనిలో ఉన్నాడు, ముట్టుకోవద్దు, అని దానర్థం. కట్టినవాడు తప్ప ఇంకెవరూ, ఎంత పెద్ద ఆఫీసరైనా, దాన్ని విప్పకూడదు. విప్పి స్విచ్చి వేస్తే లోపల ఎవరి చెయ్యో ఉండొచ్చు. చిన్నప్పుడు ఈ సంగతి నాన్న వందసార్లు చెప్పాడు. వందసార్లు విన్నాను. రంగులు రాసుకుంటున్నప్పుడు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. మీటింగులో నేను చదివింది ఆయనకి ఒక్క ముక్క కూడా వినబడలేదు.

ఏం జరిగిందో చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్తుంటే గుమ్మంలో అత్త నిలబడి ఉంది.

"తలకాయ ఎంతవరకూ వొచ్చింది అని చూడ్డానికొచ్చినాను" అంది. నవ్వుతూనే వచ్చింది. మా మొహాలు చూసి ఆగింది.

"అత్తా, నేను దాన్ని పొద్దున్న కబాడీకి ఇచ్చేశాను."

తిడుతుందనుకున్నాను. ఆమె గుమ్మం మెట్టు మీద కూర్చుంది. కాసేపు చెంగు మడతలు సరిచేసుకుంది.

"క్వార్టరు కంపెనీది" అంది చివరికి, ఎవరితోనో చెప్పినట్టు. "ఫ్యాను కంపెనీది. పెరట్లో మామిడిచెట్టు నేనే నాటినాను గానీ అదీ కంపెనీదే. వొచ్చే ఏడు మీ మావయ్య రిటైరైతే అన్నీ ఒగ్గీసి పోవాల. ఆ మిషనొక్కటే నాది. పుట్టింటోళ్ళిచ్చింది కాదు, అత్తోరిచ్చింది కాదు. నాను కుట్టి నాను కొనుక్కున్నాను."

నేను బాబాయికి ఫోన్ చేసి కబాడీ గోదాం ఎక్కడో అడిగాను. ఉతై వెళ్ళే రోడ్డు మీద, రేకుల గేటు. నాన్న ఏదో అంటున్నా ఆగకుండా స్కూటీ తీశాను. దారి పొడుగునా ఒకటే బొమ్మ కళ్ళముందు. కబాడీవాళ్ళు ఇనుమునీ అల్యూమినియాన్నీ వేరుచెయ్యడానికి ముందుగా సుత్తి తీస్తారు. కుట్టుమిషను తల పోత ఇనుము. ఒక్క దెబ్బ చాలు.

రేకుల గేటు లోపల కొండల్లా ఇనుము. ఎక్కడో సుత్తి దెబ్బలు నిజంగానే వినిపిస్తున్నాయి. మధ్యలో నులకమంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తలకి గమ్ఛా తువ్వాలు, కాళ్ళకి ప్లాంటులో ఇచ్చే పాత సేఫ్టీ బూట్లు. ఆయనే యజమాని. నేను గొంతు సవరించుకుని, పొద్దున్న సెక్టర్ 4 నుంచి వచ్చిన మాల్ అన్నాను. ఆయన వేలు పెట్టి చూపించాడు.

గోడవారగా, మిగతా చెత్తకి దూరంగా, మా వస్తువులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. తుప్పు కూలరు, విరిగిన కుర్చీలు, మూత లేని కుక్కరు, వంకర సైకిలు. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు. అన్నిటికీ ఎర్ర చీటీలు గాలికి ఊగుతున్నాయి. వరస చివర ఒక బోర్లించిన డ్రమ్ము. దాని మీద గోనె చుట్టు.

"నోనీ" అన్నాడాయన. ఛత్తీస్‌గఢీలో ఆడపిల్లని అలా పిలుస్తారు. "ఎంతమంది పనిచేస్తున్నారు మీవాళ్ళు? పొద్దుట్నుంచి చూస్తున్నాను, ఒక్కడూ రాలేదు."

ఆయన ఒకప్పుడు ప్లాంటులో కాంట్రాక్టు పనులు చేయించే ఠేకేదారు కింద కూలి. ఫర్నేసులు ఆపి పెద్ద రిపేర్లు చేసినప్పుడల్లా లోపల పనిచేశాడట. ఎర్ర ట్యాగు ఉన్నదాని మీద సుత్తి ఎలా వెయ్యమంటావు అని నన్నే అడిగాడు. బండివాడు కొత్తవాడు, వాడికి తెలీదు, నాకు తెలీదా? పైగా నంబర్లు చూశానన్నాడు. "ఒకటో నంబరు, రెండో నంబరు! ఇంత చిన్న టోకెన్లంటే ప్లాంటు పెట్టినప్పటి మనుషులై ఉండాలి. ఇంకా పనిచేస్తున్నారా పాపం?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. డ్రమ్ము దగ్గరికి పోయి గోనె తీయబోయాను. మంచం మీదనుంచి లేచి వచ్చి అడ్డు నిలబడ్డాడు.

"నువ్వు కట్టావా?"

కాదన్నట్టు తల ఊపాను.

"జేన్ బాంధే హే, తేన్ ఖోలహీ" అన్నాడు. కట్టినవాడే విప్పుతాడు. ఇక మాట్లాడేదేమీ లేనట్టు వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

నాన్నకి ఫోన్ చేశాను. ఫోన్లో ఆయనకి అసలేమీ వినబడదు. హలో, హలో అంటున్నాడు. మామూలుగా అయితే పెట్టేసేదాన్ని. ఆ రోజు పెట్టలేదు. గోదాం మధ్యలో నిలబడి, నాకు తెలిసినంత పెద్ద గొంతుతో అరిచాను.

"నాన్నా! మిషను ఉంది! నువ్వే రావాలి! కట్టినోడే ఇప్పాలంట!"

సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. ఇనుప కొండల వెనక నుంచి ముగ్గురు తలలెత్తి చూశారు. అవతల నాన్న గొంతు, ఎంతో తేలిగ్గా, "మరేటి! అదీ మాట!"

అరగంటలో ఆటో వచ్చింది. ముందు అత్త దిగింది, వెనక నాన్న, చొక్కా జేబులో స్క్రూడ్రైవరూ షటిల్ పొట్లమూ. గోదాం యజమాని నాన్నని దూరం నుంచే చూసి, చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. నాన్న నవ్వి అరచెయ్యి నేలవైపు చాపాడు. అంతే పరిచయం. ఇద్దరూ డ్రమ్ము దగ్గరికి నడిచారు. నాన్న చీటీ తిప్పి చూసుకున్నాడు. ఆయన దస్తూరీలో "పని జరుగుచున్నది. ముట్టరాదు", కింద పాత టోకెన్ నంబరు. పొద్దున్న నేను చీటీ తిప్పి చూసి ఉంటే చాలు.

నాన్న ముడి విప్పుతాడని చూస్తున్నాను. ఆయన విప్పలేదు. గోనె ఒక పక్కకి జరిపి మిషను క్షేమంగా ఉందని మాత్రం చూసి, మళ్ళీ చుట్టేశాడు.

"ఇప్పెయ్యి అన్నయ్యా, ఏటి చూస్తావు?" అంది అత్త.

"పని అవ్వలేదు గదా. ట్రయలు చెయ్యకుండా ట్యాగు ఎలాగ ఇప్పుతాను?"

అత్త నావైపు తిరిగి, "ఈ మనిషితో మీ అమ్మ ఎలాగ ఏగిందే?" అంది. గోదాం యజమానికి తెలుగు రాదు. అయినా సంగతి అర్థమై తల ఊపాడు. కామ్ పూరా నహీ హువా తో కైసే ఖోలేంగే, పని అవకుండా ఎలా విప్పుతారు, అని నాన్న పక్షమే వహించాడు.

ఇంతలో ఆయన మిగతా వరస చూపించి, ఇవెవరు కట్టారు అన్నాడు. నేనే అన్నాను. అయితే విప్పు అన్నాడు. ఎర్ర చీటీ కట్టిన పద్నాలుగు వస్తువుల ముందూ వరసగా కూర్చుని ఒక్కొక్క ముడీ విప్పాను. పక్కన ఇద్దరు పెద్దమనుషులు చేతులు కట్టుకుని పర్యవేక్షించారు. మూత లేని కుక్కరు దగ్గరికి వచ్చేసరికి అత్త, "ఆగే" అంది. "దీనికి మూత మా ఇంట్లో ఉన్నాది. మా కుక్కరే పగిలిపోయింది." దాని చీటీ విప్పి అది ఆటోలో పెట్టుకుంది.

అత్త ఇంట్లో మిషను తలని స్టాండు మీద పెట్టేసరికి వాళ్ళింట్లో కూలరు వేశారు. తడిసిన గడ్డి వాసన వస్తోంది. నాన్న షటిల్ మార్చి, నూనె వేసి, చెయ్యితో చక్రం తిప్పి చూశాడు. బెల్టు ఎక్కించాడు. అత్త పాత లంగా ముక్క ఒకటి సూది కింద పెట్టి తొక్కింది. ఎర్ర చీటీ ఇంకా మిషను మెడకి ఊగుతూనే ఉంది, సూది ఆడినప్పుడల్లా. గుడ్డ బయటికి వచ్చింది. కుట్టు ఒక్కటీ తప్పలేదు. అత్త దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టి, వేలితో అటునుంచి ఇటు తడిమింది.

అప్పుడు నాన్న ముడి విప్పాడు. చీటీ నాకిచ్చాడు. ఆ రోజు డైరీ పేజీలో అదుంది.

రెండో ఆదివారానికి ఎర్ర చీటీల అర్థం మార్చేశాం. మరి కబాడీకి పోయేవాటికి ఏ రంగు అని నేను తల పట్టుకుంటే, "పోయేదానికి చీటీ ఎందుకే?" అంది అమ్మ, బియ్యం ఏరుతూ. నిజమే కదా. వాటిని గుమ్మం బయట పెట్టడం మొదలుపెట్టాం.

తర్వాతి మీటింగులో అధ్యక్షుడుగారు ఆ విషయమే ఎత్తారు. ఎవరిదో మిషను కబాడీకి పోయిందని విన్నాను, ఇలా అయితే నలుగురూ నమ్మి వస్తువులు ఎలా ఇస్తారు, అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేను తల దించుకున్నాను. అత్త లేచింది.

"పోయింది నాదే బాబూ. ఇచ్చీసిన మనిషే నా మొకం మీద చెప్పింది, ఎల్లి తెచ్చింది. మీ ఆవిడ జాకెట్టు ఆ మిషను మీదే కుట్టినాను. బాగుందో లేదో అడగండి."

ముందు వరసలో ఆవిడ జాకెట్టు చెయ్యి తడుముకుని నవ్వింది. అధ్యక్షుడుగారు జేబులోంచి గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. పెట్టి, "ముందు ఆ రంగుల సంగతి అందరికీ అర్థమయ్యేలా ఇంకోసారి చదవమ్మా" అన్నారు.

నాన్న కావాలనే చివరి వరసలో కూర్చున్నాడు. నేను కాగితం పట్టుకున్నాను. పచ్చ చీటీ దగ్గర గొంతు బాగానే ఉంది. పసుపు దగ్గర సన్నబడింది. తలెత్తి చూస్తే చివరి వరసలో చూపుడువేలు పైకి లేచి గుండ్రంగా తిరుగుతోంది. గొంతు ఎత్తాను. వేలు ఇంకా తిరుగుతోంది. ఇంకా ఎత్తాను.

"ఎర్ర చీటీ! మనిషి పనిలో ఉన్నాడు! ముట్టరాదు! కట్టినవాళ్ళే విప్పాలి!"

హాలు మారుమోగింది. బయట వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

నాన్న వేలు కిందికి తిరిగింది. దించు, దించు, అని. అత్త రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"ఒలే కోడలా! చెవులు పోయింది మీ నాన్నకే, మాక్కాదు!"